ఎంబెడెడ్ పరికరాల్లో విద్యుత్ నిర్వహణ విధానం: పాలమూరు దక్షిణ జిల్లాల ఉదాహరణలతో

ఎంబెడెడ్ వ్యవస్థలో ఏ భాగానికి ఎప్పుడు కరెంటు ఇవ్వాలి, ఎప్పుడు తగ్గించాలి, ఎప్పుడు పూర్తిగా ఆపాలి, ఆపినదాన్ని ఏ సంకేతంతో తిరిగి లేపాలి అనే నిర్ణయాలన్నిటినీ కలిపి విద్యుత్ నిర్వహణ విధానం అంటారు. ఒకే పనికి కట్టుబడి మరో యంత్రం లోపల ఉండే చిన్న కంప్యూటరే ఎంబెడెడ్ వ్యవస్థ. బోరు మోటరు స్టార్టర్ డబ్బాలోని కంట్రోలరు, అడవిలో చెట్టుకు కట్టిన కెమెరా ట్రాప్, మండల కేంద్రంలో వర్షపాతాన్ని లెక్కించే వాతావరణ కేంద్రం, బోరుబావిలో నీటిమట్టాన్ని నమోదు చేసే రికార్డరు ఈ కోవలోకి వస్తాయి. నిద్రపోగల శక్తిని చిప్ తయారీదారు ఇస్తాడు. ఎప్పుడు నిద్రపోవాలో, ఎంత గాఢంగా నిద్రపోవాలో తేల్చేది పరికరాన్ని రూపొందించే ఇంజనీరు. మొదటిది యంత్రాంగం, రెండోది విధానం. ఒకే చిప్‌తో చేసిన రెండు పరికరాల్లో ఒకటి ఏడాదికి, మరొకటి పదేళ్లకు బ్యాటరీ మార్పు కోరవచ్చు. ఆ తేడా ఎక్కువగా విధానం వల్లే వస్తుంది.

2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా నుంచి విడివడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఈ విషయాన్ని పరిశీలించడానికి అనువైన ప్రాంతం. కృష్ణా తీరాన కొల్లాపూర్ దగ్గరి నార్లాపూర్ పంపుహౌస్‌లో ఒక్కో మోటరు సామర్థ్యం 145 మెగావాట్లు. అక్కడి నియంత్రణ పరికరం ఒక వాటు ఎక్కువ తిన్నా అడిగేవారుండరు. అదే నాగర్‌కర్నూల్ జిల్లాలోని నల్లమల అడవిలో కెమెరా ట్రాప్ మైక్రోయాంపియర్ల లెక్కన బతుకుతుంది. ఈ రెండు కొసల మధ్య పొలాల్లోని స్టార్టర్లు, సౌరఫలకాల మీద నడిచే కేంద్రాలు ఉన్నాయి. ఒకదానికి సరిపోయిన విధానం మరోదానికి సరిపోదు.

కరెంటు ఎటు పోతుంది

డిజిటల్ సర్క్యూట్‌లో విద్యుత్ వ్యయం రెండు దారుల్లో జరుగుతుంది. ట్రాన్సిస్టర్లు స్థితి మారిన ప్రతిసారీ అయ్యే చలన వ్యయం కెపాసిటెన్స్‌కు, వోల్టేజీ వర్గానికి, గడియార వేగానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఏమీ చేయకపోయినా కారిపోయేది లీకేజీ. వేగాన్ని సగానికి తగ్గించి, దానితోపాటు వోల్టేజీని 1.2 నుంచి 0.9కి దించితే చలన వ్యయం దాదాపు 28 శాతానికి పడిపోతుంది. అయితే పని పూర్తి కావడానికి రెట్టింపు సమయం పడుతుంది కాబట్టి పని మొత్తానికి ఖర్చయ్యే శక్తి 56 శాతం దగ్గర ఆగుతుంది. వోల్టేజీ తగ్గించకుండా వేగం మాత్రమే తగ్గిస్తే పనికయ్యే చలనశక్తిలో పైసా మిగలదు. పైగా లీకేజీ రెట్టింపు కాలం సాగుతుంది. అందుకే చిన్న మైక్రోకంట్రోలర్లలో చాలాసార్లు పనిని పూర్తి వేగంతో ముగించి వెంటనే నిద్రపోవడమే లాభం.

లీకేజీ వేడితో పెరుగుతుంది. ప్రతి పది డిగ్రీలకు సుమారు రెట్టింపు అవుతుందన్నది ఇంజనీర్ల అంచనా లెక్క. చల్లటి ల్యాబులో కొలిచిన నిద్ర కరెంటు ఏప్రిల్, మే నెలల్లో పాలమూరు ఎండకు కాగిన ఇనుప డబ్బాలో అంతే ఉంటుందనుకోవడం అమాయకత్వం. డేటాషీటులో పెద్ద అక్షరాల్లో కనిపించే అంకె సాధారణంగా 25 డిగ్రీలకు చెప్పినది. డిజైనరు చూడాల్సింది 60, 85 డిగ్రీల వరుసలను.

ప్రాసెసరు ఒక్కటే లెక్కలోకి రాదు. క్షేత్ర పరికరాల్లో రేడియో మోడెమ్, సెన్సరు, ఫ్లాష్ దీపం, వోల్టేజీ రెగ్యులేటరు, చివరికి డబ్బా మీద వెలిగే చిన్న ఎల్‌ఈడీ కూడా ప్రాసెసరు కంటే ఎక్కువ తినవచ్చు. 2 మిల్లీయాంపియర్ల సూచిక దీపం వెలుగుతూ ఉంటే, 5 మైక్రోయాంపియర్ల నిద్ర సాధించిన చిప్ వల్ల ఒరిగేదేమీ లేదు.

స్థితులు, గిట్టుబాటు సమయం

ప్రతి పరికరానికీ కొన్ని విద్యుత్ స్థితులు ఉంటాయి. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి వెలువరించిన ఏసీపీఐ ప్రమాణం పరికరాలకు డీ0 నుంచి డీ3 వరకు స్థితులను నిర్వచించింది. డీ0 పూర్తి మెలకువ, డీ3 పూర్తి విరమణ. మైక్రోకంట్రోలర్లలో ఇవే మరోరకంగా కనిపిస్తాయి. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఎంఎస్‌పీ430 కుటుంబంలో ఎల్‌పీఎం0 నుంచి ఎల్‌పీఎం4 వరకు మెట్లు ఉన్నాయి. మెట్టు దిగేకొద్దీ మరిన్ని గడియారాలు ఆగిపోతాయి. ఏఆర్ఎం ప్రాసెసర్లలో అంతరాయం వచ్చేవరకు ఆగమనే ప్రత్యేక ఆదేశం ఉంది. గడియారాన్ని ఆపితే చలన వ్యయం పోయి లీకేజీ మిగులుతుంది. కరెంటునే తెంచితే లీకేజీ కూడా పోతుంది కానీ మెమరీలోని సమాచారం చెరిగిపోతుంది. దాన్ని ముందే దాచిపెట్టుకోవాలి, లేచాక తిరిగి నింపుకోవాలి.

నిద్రలోకి జారడానికీ, లేవడానికీ అయ్యే ఖర్చే విధాన రచనలో అసలు చిక్కు. మెలకువలో ఊరికే ఉన్నప్పుడు 30 మిల్లీవాట్లు, నిద్రలో 3 మిల్లీవాట్లు తీసుకునే పరికరం ఒకటి ఉందనుకుందాం. పడుకుని లేవడానికి మొత్తం ఒక సెకను పట్టి, 138 మిల్లీజౌళ్లు ఖర్చవుతాయనుకుందాం. ఖాళీ సమయం 5 సెకన్లు ఉంటే మెలకువగా ఉన్నా 150 మిల్లీజౌళ్లే, నిద్రపోయి లేచినా 150 మిల్లీజౌళ్లే. ఈ 5 సెకన్లను గిట్టుబాటు సమయం అనవచ్చు. అంతకంటే తక్కువ విరామానికి నిద్రపుచ్చడం నష్టం. గాఢనిద్రకు గిట్టుబాటు సమయం ఎక్కువ, కునుకుకు తక్కువ. రాబోయే విరామం ఎంతో ముందే తెలిస్తే సమస్యే లేదు, తగిన మెట్టు ఎంచుకుంటే చాలు. సాధారణంగా అది తెలియదు. కాబట్టి విద్యుత్ నిర్వహణ విధానం రాబోయే ఖాళీ సమయం మీద వేసే పందెం అవుతుంది. ఆ పందేన్ని గెలిపించే సమాచారం ఎక్కడ దొరుకుతుందో వెదకడమే విధాన రచన.

గడువు, అంచనా, సంభావ్యత

అన్నిటికంటే పాత పద్ధతి గడువు పెట్టడం: పని లేకుండా ఇన్ని సెకన్లు గడిస్తే నిద్ర. రైల్వే గేటు పడినప్పుడు రైలు ఎప్పుడొస్తుందో తెలియని ఆటో డ్రైవరు కాసేపు చూసి ఇంజను ఆపేసేది ఇదే లెక్కతో. ఈ పద్ధతి గురించి గణితం ఒక హామీ ఇస్తుంది. గడువును గిట్టుబాటు సమయానికి సమానంగా పెడితే, భవిష్యత్తు ముందే తెలిసిన ఆదర్శ విధానం కంటే ఖర్చు ఎన్నడూ రెండింతలు దాటదు. విరామాలు ఎంత అడ్డదిడ్డంగా వచ్చినా ఈ హద్దు నిలుస్తుంది. గడువును తగిన సంభావ్యతతో యాదృచ్ఛికంగా మారుస్తూ పోతే సగటున ఈ హద్దు సుమారు 1.58 రెట్లకు దిగుతుంది. ఏమీ తెలియని చోట మొదలుపెట్టడానికి ఇంతకంటే నమ్మకమైన ఆధారం లేదు. చాలామంది డిజైనర్లు గడువును 10 సెకన్లో, 30 సెకన్లో అని తోచిన గుండ్రటి అంకెతో పెట్టేస్తారు. గిట్టుబాటు లెక్క వేయడానికి పట్టేది ఒక పూట మాత్రమే.

గడువు పద్ధతిలో లోపం ఏమిటంటే, గడువు తీరేదాకా కాచుకున్న శక్తి ప్రతిసారీ వృథా. అంచనా విధానాలు గత విరామాలను చూసి రాబోయేదాన్ని ఊహించి వెంటనే నిద్రపుచ్చుతాయి. మణి శ్రీవాస్తవ, అనంత చంద్రకాసన్, రాబర్ట్ బ్రోడర్సన్ 1996లో ఈ దారిలో ముఖ్యమైన పరిశోధన చేశారు. ఆ తర్వాత పనుల రాకను మార్కోవ్ నమూనాగా తీసుకుని, ఆలస్యానికి హద్దు పెట్టి, ఖర్చును కనిష్ఠం చేసే సంభావ్యతా విధానాలు వచ్చాయి. లూకా బెనీనీ, అలెసాండ్రో బొలియోలో, జొవాన్నీ ద మికెలీ 2000లో ప్రచురించిన సర్వే వ్యాసం వీటన్నిటినీ ఒకచోట చేర్చింది. గణితపరంగా సంభావ్యతా విధానాలు అందమైనవి. క్షేత్రంలో మాత్రం నమూనా ఊహించిన గణాంకాలు రుతువు మారితే మారిపోతాయి. జూన్‌లో నేర్చుకున్న అలవాటు జనవరిలో పనికిరాదు. అందువల్ల చిన్న పరికరాల్లో గడువు, కాలపట్టిక, ఘటన అనే మూడు సరళ పద్ధతులే ఎక్కువగా నిలిచాయి.

ఆటో స్టార్టర్: పరిస్థితి మారినా మారని విధానం

తెలంగాణ పల్లెల్లో అందరికీ తెలిసిన విద్యుత్ నిర్వహణ పరికరం ఆటో స్టార్టర్. వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు వంతుల వారీగా, తరచూ అర్ధరాత్రి వచ్చే రోజుల్లో ఇది పుట్టింది. కరెంటు వచ్చిందా, మూడు ఫేజులూ ఉన్నాయా అని చూసి, కాస్త ఆగి, మోటరును తనంతట తానే నడిపించడం దీని పని. దీని విధానాన్ని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: కరెంటు ఉంటే నడువు. సరఫరా అరుదుగా, వేళాపాళా లేకుండా ఉన్నంతకాలం ఇది సరైన నిర్ణయమే. చీకట్లో పాములకూ, తేమ నేల మీద షాకుకూ భయపడుతూ రైతు పొలానికి పోవాల్సిన అవసరాన్ని ఇది తప్పించింది.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ మొదలైంది. కరెంటు ఎప్పుడూ ఉండటంతో అదే నియమం మోటరును ఎప్పుడూ నడిపించసాగింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో ఎక్కువ భాగం గట్టి రాతినేల. గ్రానైటు పగుళ్లలో ఊరే నీరే బోరుకు ఆధారం. ఊట కంటే తోడకం ఎక్కువైతే బోరు ఎత్తిపోతుంది, నీరు లేకుండా తిరిగిన మోటరు కాలిపోతుంది. ఆటో స్టార్టర్లను తీసేయాలని ప్రభుత్వం, విద్యుత్ పంపిణీ సంస్థలు ఊరూరా ప్రచారం చేశాయి. పరికరంలో ఏ భాగమూ చెడలేదు. అది రూపొందిన నాటి సరఫరా తీరు మారిపోయింది, విధానం మారలేదు, అంతే.

ఈ ఉదాహరణలో ఇంకో సంగతి ఉంది. స్టార్టర్‌లోని ఎలక్ట్రానిక్స్ తీసుకునేది కొద్ది వాట్లే, అది ఆడించే 5 హార్స్‌పవర్ మోటరు సామర్థ్యం దాదాపు 3.7 కిలోవాట్లు. ఇలాంటి చోట సొంత ఖర్చును మైక్రోవాట్లకు దించడం కంటే, మోటరును ఎప్పుడు ఆపాలన్న విధానాన్ని సరిగ్గా రాయడం వేల రెట్లు లాభం. నీరు తగ్గితే మోటరు మీద భారం తగ్గి కరెంటు పడిపోతుంది. దాన్ని కొలిచి ఆపేయడం ఒక నియమం. ఊట తిరిగి చేరే వ్యవధిని బట్టి కొంతసేపు నడిపి కొంతసేపు విశ్రాంతి ఇవ్వడం మరో నియమం. ఈ విశ్రాంతి వ్యవధిని ఫ్యాక్టరీలో నిర్ణయించలేం. పక్కపక్క పొలాల్లోనే రెండు బోర్ల ఊట వేరుగా ఉంటుంది. మంచి కంట్రోలరు నీరు తగ్గి ఆగిన ప్రతిసారీ తర్వాతి విశ్రాంతిని కొంత పెంచి, సాఫీగా నడిచినప్పుడు కొంత తగ్గించి, ఆ బోరుకు తగిన లెక్కను తానే పట్టుకుంటుంది.

మూడో నియమం ఒక్క పొలానికి కాక ఫీడరు మొత్తానికి సంబంధించినది. ఇండక్షన్ మోటరు మొదలయ్యేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. పోయిన కరెంటు తిరిగి రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటర్లన్నీ ఒకేసారి లేస్తే వోల్టేజీ కుంగిపోతుంది, ఫీజులు ఎగిరిపోతాయి. ప్రతి స్టార్టరూ తన ఆలస్యాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకుంటే ఈ బెడద తగ్గుతుంది. సరిగ్గా గంట కొట్టగానే రేడియోలు తెరిచే సెన్సర్లకు కూడా ఇదే మందు. వందల పరికరాలు ఒకే క్షణంలో మేల్కొంటే సందేశాలు ఢీకొంటాయి, మళ్లీ పంపాల్సి వస్తుంది, మళ్లీ పంపిన ప్రతిసారీ బ్యాటరీ కరుగుతుంది.

ఫోన్‌తో మోటరును నడిపే మొబైల్ స్టార్టర్లలో చిన్న బ్యాటరీ కూడా ఉంటే, కరెంటు పోయిందని, వచ్చిందని రైతుకు చెప్పగలవు. లైను ఉన్నప్పుడు మోడెమ్ నిరంతరం మేల్కొని ఉన్నా పరవాలేదు. లైను పోయాక అదే మోడెమ్ పిలుపు వినడానికి మాత్రమే క్షణక్షణం కళ్లు తెరిచే స్థితికి దిగాలి. జీఎస్‌ఎంలో ఈ వినికిడి విరామం నెట్‌వర్క్ నిర్ణయించినదాన్ని బట్టి సుమారు అర సెకను నుంచి రెండు సెకన్ల వరకు ఉంటుంది. ఒకే పరికరంలో రెండు విధానాలు ఉండాలని, ఒకదాని నుంచి మరోదానికి మారే సంకేతం సరఫరా నుంచే రావాలని దీన్నిబట్టి తెలుస్తుంది.

నల్లమల కెమెరాలు: ఘటన కోసం నిద్ర

రాష్ట్ర విభజన తర్వాత నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం నుంచి వేరుపడిన అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లలో, అధికభాగం నాగర్‌కర్నూల్ జిల్లాలో విస్తరించి ఉంది. నాలుగేళ్లకోసారి జరిగే జాతీయ పులుల గణనలో అడవిని 2 చదరపు కిలోమీటర్ల గళ్లుగా విభజించి, ఎంచుకున్న గళ్లలో కెమెరా ట్రాప్‌లను జతలుగా అమరుస్తారు. పులి రెండు పక్కల చారలూ ఒకేలా ఉండవు కనుక దారికి ఇరువైపులా కెమెరా కావాలి. అడవి లోపలికి బ్యాటరీలు మోసుకుపోవడం శ్రమతో కూడిన పని కాబట్టి నిద్ర విధానమే ఈ పరికరానికి ప్రాణం.

కెమెరా ట్రాప్‌లో ఎప్పుడూ మేల్కొని ఉండేది పరారుణ చలన సెన్సరు ఒక్కటే. దాని వ్యయం మైక్రోయాంపియర్ల స్థాయిలో ఉంటుంది. జంతువు దేహానికీ వెనకనున్న నేలకూ మధ్య ఉష్ణోగ్రత తేడా కదిలినప్పుడు అది ప్రాసెసరును లేపుతుంది. ప్రాసెసరు చిత్ర సెన్సరునూ ఫ్లాష్‌నూ లేపి, చిత్రం తీసి, కార్డులో రాసి, మళ్లీ పడుకుంటుంది. ఇక్కడ గిట్టుబాటు లెక్కతో పాటు ఆలస్యం లెక్క కూడా ముఖ్యం. నడిచిపోతున్న చిరుత చట్రంలో ఉండేది కొద్ది క్షణాలే. ప్రాసెసరు లేవడానికి రెండు సెకన్లు తీసుకుంటే కార్డులో తోక మిగులుతుంది. త్వరగా లేవాలంటే మెమరీకి కొద్దిపాటి కరెంటు ఇస్తూనే ఉండాలి, అంటే నిద్ర ఖర్చు పెరుగుతుంది. ఎంత పెంచినా అది రోజంతటి ఖర్చు. ఘటనలు తక్కువగా ఉన్న చోట ఎక్కువ భాగం అదే మింగేస్తుంది.

ఎండాకాలంలో ఈ విధానం రెండు వైపులా దెబ్బతింటుంది. మధ్యాహ్నం రాళ్ల వేడి జంతువు ఒంటి వేడికి దగ్గరైతే సెన్సరుకు తేడా కనిపించదు, నిజమైన ఘటనలు జారిపోతాయి. ఎండిన బోద గడ్డి వేడిగాలికి ఊగితే లేని జంతువును చూసినట్టు కెమెరా పదేపదే లేస్తుంది. అబద్ధపు మేల్కొలుపు ఒక్కోదానికి అయ్యే ఖర్చు నిజమైనదానితో సమానం. రాత్రయితే ఫ్లాష్ ఖర్చు అదనం. ఒక ఘటన తర్వాత ఇన్ని సెకన్ల వరకు మళ్లీ లేవకు అనే విరామ నియమం, సెన్సరు సూక్ష్మతను గాలి వేడిని బట్టి సవరించే నియమం ఇక్కడ ఉపయోగపడతాయి. అయితే వీటికంటే ఎక్కువ మేలు చేసేది కెమెరా ముందు గడ్డి కోసేయడం. సిబ్బంది చేతి కొడవలి కూడా విద్యుత్ నిర్వహణలో భాగమే అనడం అతిశయోక్తి కాదు.

ప్రసారమే అసలు ఖర్చు

బోరుబావుల్లో నీటిమట్టాన్ని నమోదు చేసే డిజిటల్ రికార్డర్లు కాలపట్టిక ప్రకారం పనిచేస్తాయి. భూగర్భ జలం నిమిషాల్లో మారదు కాబట్టి తర్వాతి కొలత ఎప్పుడో ముందే తెలుసు, పందెం అక్కర్లేదు. ఇలాంటి ఒక పరికరం నిద్రలో 10 మైక్రోయాంపియర్లు, గంటకోసారి 2 సెకన్లు లేచి కొలిచేటప్పుడు 20 మిల్లీయాంపియర్లు తీసుకుంటుందనుకుందాం. సగటు 21 మైక్రోయాంపియర్లు. ఏడాదికి దాదాపు 185 మిల్లీయాంపియర్ అవర్లు. ఇప్పుడు రోజుకోసారి మోడెమ్‌ను లేపి, నెట్‌వర్క్ పట్టుకుని, సమాచారం పంపడానికి 60 సెకన్లపాటు సగటున 100 మిల్లీయాంపియర్లు ఖర్చవుతాయనుకుంటే సగటు ఒక్కసారిగా 90కి, ఏడాది వ్యయం సుమారు 790కి చేరుతుంది. గంటగంటకూ పంపితే ఏడాదికి 14,800 దగ్గర తేలుతుంది. 19,000 మిల్లీయాంపియర్ అవర్ల లిథియం థయోనైల్ క్లోరైడ్ సెల్ రోజుకోసారి పంపితే కాగితం మీద ఇరవై ఏళ్లు దాటుతుంది, గంటగంటకూ పంపితే పదిహేను నెలలకే ముగుస్తుంది. మార్చింది ఒక్క సంఖ్య: ప్రసారాల మధ్య విరామం. కొలతలు రోజుకు 24 సార్లే జరిగాయి, వాటిని ఒక కట్టగా పంపితే సరిపోయేది.

కాగితం మీద ఇరవై ఏళ్లు అన్నచోట జాగ్రత్త అవసరం. ఏ సెల్ అయినా వాడకపోయినా ఏటా కొంత కోల్పోతుంది. పైగా థయోనైల్ క్లోరైడ్ సెల్ నుంచి పెద్ద కరెంటు ఒక్కసారిగా రాదు. జీఎస్‌ఎం మోడెమ్ ప్రసార క్షణంలో 2 యాంపియర్ల వరకు లాగగలదు కాబట్టి పక్కన కెపాసిటరు పెట్టి దాన్ని నెమ్మదిగా నింపుకోవాలి. అది నిండిందో లేదో చూశాకే మోడెమ్‌ను లేపాలన్నది కూడా విధానంలో ఒక నిబంధనే.

రేడియో ప్రమాణాల రూపకర్తలు ఈ ఖర్చును గుర్తించారు. లోరావాన్‌లో ‘ఏ’ తరగతి పరికరం తాను పంపిన తర్వాత రెండు చిన్న కిటికీల్లో మాత్రమే వింటుంది, మిగతా కాలమంతా చెవులు మూసుకుంటుంది. మన దేశంలో దీనికి 865–867 మెగాహెర్ట్జ్ పట్టీ లైసెన్సు లేకుండా అందుబాటులో ఉంది. గేట్‌వే దూరమై, విస్తరణ గుణకం 7 నుంచి 12కు పెంచాల్సి వస్తే అదే సందేశం గాలిలో ఇరవై రెట్లకు మించి ఎక్కువసేపు ఉంటుంది. ఊరి నీళ్ల ట్యాంకు మీద యాంటెన్నాను కొన్ని మీటర్లు ఎత్తుగా పెట్టడం వల్ల ఒక్కోసారి సాఫ్ట్‌వేర్‌లో చేయగల పొదుపంతా కలిపినా రానంత మిగులుతుంది. సెల్యులార్ వైపు ఎన్‌బీ–ఐఓటీలో వినికిడి విరామాన్ని దాదాపు మూడు గంటల వరకు సాగదీయవచ్చు. ఇంకా గాఢమైన పీఎస్‌ఎం స్థితిలో పరికరం తానే లేచేదాకా నెట్‌వర్క్‌కు అందదు. నీటిమట్టం రికార్డరుకు అది సరిపోతుంది, మొబైల్ స్టార్టర్‌కు అస్సలు సరిపోదు. మోటరు ఆపమని రైతు పంపిన ఆదేశం మూడు గంటల తర్వాత అందితే ప్రయోజనం ఏముంది?

మబ్బు రోజుల లెక్క

సౌరఫలకం, బ్యాటరీ ఉన్న కేంద్రాల్లో ప్రశ్న మారుతుంది. బ్యాటరీ ఎంతకాలం వస్తుందని కాక, వచ్చేదానికి లోబడి ఎలా ఖర్చు చేయాలని అడగాలి. తెలంగాణ అంతటా మండలాల్లో వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలు ఉన్నాయి. వర్షమాపకంలో చిన్న తొట్టి నిండగానే ఒరిగి, అయస్కాంత స్విచ్చును ఒక్కసారి మూస్తుంది. ఆ తాకిడే ప్రాసెసరును లేపి లెక్క ఒకటి పెంచుతుంది. వాన లేనప్పుడు దాని ఖర్చు దాదాపు సున్నా. తేమ, ఉష్ణోగ్రత కొలిచేవి కాలపట్టిక ప్రకారం లేస్తాయి. ఒకే పెట్టెలో ఘటన విధానం, కాలపట్టిక విధానం పక్కపక్కనే నడుస్తాయి.

ఈ కేంద్రాలకు ఒక వైరుధ్యం తప్పదు. సమాచారం విలువ ఎక్కువగా ఉండేది ఎడతెగని వానల రోజుల్లో. ఫలకం నుంచి కరెంటు తక్కువగా వచ్చేదీ ఆ రోజుల్లోనే. బ్యాటరీ తగ్గిందని ప్రసారాలు తగ్గించే సాదా విధానం సరిగ్గా అవసరమైన వేళ నోరు మూసుకుంటుంది. 2009 అక్టోబరు తొలి రోజుల్లో కృష్ణా, తుంగభద్ర వరదలు అలంపూర్‌ను ముంచెత్తాయి. అటువంటి రోజులకు సరిపోయే విధానం మబ్బులేని వారాల్లోనే పొదుపు చేసి నిల్వ ఉంచుకోవాలి. ప్రాధాన్యం లేని కొలతలను ముందుగా వదులుకోవాలి. నీటిమట్టం పెరిగే వేగం ఒక హద్దు దాటితే, నిల్వ ఎంత ఉన్నా ప్రసార విరామాన్ని తగ్గించాలి. కృష్ణ తెలంగాణలోకి వచ్చాక తొలి పెద్ద ఆనకట్ట జూరాల. పైన కర్ణాటకలోని ఆలమట్టి, నారాయణపూర్ జలాశయాల నుంచి వదిలిన నీరు చేరడానికి సమయం పడుతుంది. ఎగువ విడుదల వార్తను దిగువ మట్టం సెన్సరుకు అందించగలిగితే, వరద రాకముందే అది తన మెలకువను పెంచుకోగలదు. చిప్ లోపల ఎంత చరిత్ర విశ్లేషించినా దొరకని అంచనా ఇది.

సాఫ్ట్‌వేర్‌లో విధానం ఉండాల్సిన చోటు

ఆపరేటింగ్ సిస్టమ్ లేని చిన్న పరికరాల్లో విధానం ప్రధాన లూపులోనే కలిసిపోయి ఉంటుంది: పనులన్నీ అయ్యాయా, తర్వాతి టైమరు ఎప్పుడు, అంతలో ఏ మెట్టు నిద్ర గిట్టుతుంది. లైనక్స్ నడిచే పెద్ద పరికరాల్లో బాధ్యతలు విడివడతాయి. 2007లో వచ్చిన 2.6.21 కెర్నెల్ పని లేకపోయినా క్రమం తప్పక కొట్టే గడియార అంతరాయాన్ని ఆపడం నేర్చింది. అది లేకుండా గాఢనిద్ర సాధ్యపడదు. 2008 నాటి 2.6.24లో ప్రాసెసరు నిద్ర మెట్టును ఎంచే సీపీయూ ఐడిల్ వ్యవస్థ వచ్చింది. దానిలోని మెనూ గవర్నరు తర్వాతి టైమరు సమయాన్ని తీసుకుని, గత అనుభవంతో సవరించి, రాబోయే విరామాన్ని అంచనా వేస్తుంది. 2009 డిసెంబరులో విడుదలైన 2.6.32లో రఫాయెల్ వైసోకి రూపొందించిన రన్‌టైమ్ పీఎం చేరింది. దీని లెక్క సులభం. పరికరాన్ని వాడుకునేవారు వాడకం లెక్కను ఒకటి పెంచుతారు, వదిలేటప్పుడు తగ్గిస్తారు. లెక్క సున్నాకు చేరి, గడువు తీరితే పరికరం పడుకుంటుంది. యూఎస్‌బీ పరికరాలకు ఈ గడువు సహజంగా 2 సెకన్లు.

పరికరాలు ఒంటరిగా ఉండవు. ఒక డేటా బస్సు మీద మూడు సెన్సర్లు వేలాడుతుంటే మూడూ పడుకున్నాకే బస్సు పడుకోవాలి, లేచేటప్పుడు బస్సు ముందు లేవాలి. ఒకే రెగ్యులేటరు కింద రెండు భాగాలు ఉంటే ఒకదాని కోసం రెండోది మేల్కొని ఉండాల్సి వస్తుంది. ఈ ఆధారాల పటాన్ని సర్క్యూటు గీసే దశలోనే సరిచూడాలి. ఎప్పుడూ మేల్కొనేవాటిని, అరుదుగా లేచేవాటిని ఒకే విద్యుత్ సరఫరా తీగకు కలిపాక ఎంత నేర్పుతో ప్రోగ్రాము రాసినా వాటిని విడదీయలేం.

డ్రైవరుకు పరికరం గురించి తెలుసు కానీ వాడుకరి ఉద్దేశం తెలియదు. అప్లికేషన్‌కు ఉద్దేశం తెలుసు కానీ గిట్టుబాటు సమయం తెలియదు. ఈ అంతరం మీద 2009–10 కాలంలో లైనక్స్ వర్గాల్లో పెద్ద వాదమే నడిచింది. ఆండ్రాయిడ్ రూపకర్తలు వ్యవస్థ అవకాశం దొరికినప్పుడల్లా నిద్రపోవాలని, వద్దనుకున్న ప్రోగ్రాము వేక్‌లాక్ పట్టుకోవాలని అన్నారు. ఒక్క అజాగ్రత్త ప్రోగ్రాము లాక్ వదలకపోతే రాత్రికి రాత్రే బ్యాటరీ ఖాళీ అవుతుందన్నది ఎదుటి పక్షం అభ్యంతరం. చివరకు 2012లో 3.5 కెర్నెల్‌లో ఆండ్రాయిడ్ పద్ధతికి దగ్గరి ఏర్పాటు చేరింది. ఈ విషయంలో రెండు పక్షాలూ చెప్పింది నిజమేనని తర్వాతి ఫోన్ల అనుభవం తేల్చింది. ఒకే సంస్థ ప్రోగ్రామంతా రాసే క్షేత్ర పరికరాల్లో ఈ పోటీ ఉండదు కాబట్టి అక్కడ ముందుగా నిద్ర, అడిగితే మెలకువ అనే పద్ధతి నిస్సంకోచంగా పెట్టుకోవచ్చు. లాక్ వదలని తప్పిదానికి మాత్రం ఒక గరిష్ఠ కాలపరిమితి తప్పనిసరి.

కొలవడం, పడిపోయినప్పుడు లేవడం

నిద్రలో 5 మైక్రోయాంపియర్లు, ప్రసారంలో 2 యాంపియర్లు తీసుకునే పరికరాన్ని మామూలు మల్టీమీటరుతో కొలవడం కుదరదు. చిన్న శ్రేణిలో పెడితే మీటరు లోపలి నిరోధం వల్ల వోల్టేజీ పడిపోయి పరికరం రీసెట్ అవుతుంది, పెద్ద శ్రేణిలో నిద్ర కరెంటు కనిపించదు. శ్రేణిని వెంటవెంటనే తనే మార్చుకునే కొలత పరికరం వాడాలి, లేదా పెద్ద కెపాసిటరు నుంచి పరికరాన్ని నడిపి వోల్టేజీ తరుగుదలను గంటల తరబడి గమనించాలి. సగటు కంటే రోజంతటి ప్రవాహ చిత్రం విలువైనది. లెక్కలో లేని మేల్కొలుపులు బయటపడేది అందులోనే.

బ్యాటరీ అడుగంటినప్పుడు ఏం చేయాలో కూడా విధానం చెప్పాలి. వోల్టేజీ ఒక హద్దుకు దిగగానే పరికరం ఆగిపోతే, భారం తొలగినందువల్ల వోల్టేజీ కాస్త పెరుగుతుంది, పరికరం మళ్లీ లేస్తుంది, మోడెమ్ తెరవగానే మళ్లీ పడిపోతుంది. ఈ ఊగిసలాట మిగిలిన కాస్త శక్తినీ కాల్చేస్తుంది, కార్డులోని ఫైళ్లను కూడా పాడుచేయవచ్చు. ఆగే హద్దుకూ లేచే హద్దుకూ మధ్య తగినంత ఎడం ఉంచడం దీనికి విరుగుడు. నిద్రలోనూ నడిచే వాచ్‌డాగ్ టైమరు చిక్కుపడ్డ ప్రోగ్రామును తిరిగి మొదలుపెడుతుంది. దాని విరామం అతి సుదీర్ఘమైన నిద్ర కంటే పొడవుగా ఉండాలి, లేకపోతే అదే అబద్ధపు మేల్కొలుపు అవుతుంది.

విధానంలోని అంకెలను దూరం నుంచి మార్చగలిగే సౌకర్యం ఈనాటి పరికరాల్లో మామూలైంది. ఖరీఫ్‌కు ఒక విరామం, వేసవికి మరో విరామం పంపవచ్చు. ఇందులో ఉన్న ప్రమాదం, పొరపాటున మరీ పొడవైన నిద్ర ఆదేశం వెళ్తే దాన్ని సరిదిద్దే సందేశం వినడానికి పరికరం నెలల తరబడి లేవకపోవడం. అందుకే నిద్ర విరామానికి దూరం నుంచి మార్చలేని పై హద్దును ఫర్మ్‌వేర్‌లోనే స్థిరంగా రాస్తారు. కొత్త అంకెలు అందాక నిర్ణీత వ్యవధిలో సర్వరుతో ఒకసారైనా మాట కలపలేకపోతే పరికరం పాత అంకెలకు తిరిగి వెళ్తుంది.